పన్నెండు నిమిషాల చుట్టుదారి

పదకొండేళ్ళపాటు అతని చొక్కా మీద ఇంకొకరి పేరు ఉండేది.

ఆ ఇంకొకరు టోబి. ఇసుక దిబ్బల మీద క్వాడ్ బైకులు తిప్పే ఆ కంపెనీలో కొన్నాళ్ళు పనిచేసి, ఒక సోమవారం చెప్పాపెట్టకుండా వాల్విస్ బేలో చేపల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. మనిషి వెళ్ళిపోయాడు గానీ, అతని పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ సొరుగులో మిగిలిపోయింది. కొత్త మనిషి చేరిన రోజున యజమాని ష్టేగ్మాన్ ఆ బిళ్ళ తీసి చేతిలో పెట్టాడు. కొత్త మనిషి తన పేరు వెతరుహె ముహరుకువ అని చెప్పుకున్నాడు. టూరిస్టులకు అంత నోరు తిరగదనీ, టోబి అంటే జర్మన్లకూ ఇంగ్లీషువాళ్ళకూ సులువనీ ష్టేగ్మాన్ అన్నాడు. ఆ అనడంలో ఎగతాళి లేదు. చలిగా ఉంది, కోటు వేసుకో అన్నంత మామూలుగా అన్నాడు.

వెతరుహె బిళ్ళ పెట్టుకున్నాడు. ఇంట్లో భార్య మొదట్లో నవ్వేది. టోబిగారు భోజనానికి వచ్చారు, పీట వెయ్యండి అని పిల్లలతో అనేది. రెండో ఏడు నవ్వడం మానేసింది. జీతం చీటీ మీద కూడా టోబి అనే పడేది. అడుగుదామని రెండుసార్లు ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల ఎవరో ఉన్నారని వెనక్కి వచ్చేశాడు. ఇలాంటి అన్యాయానికి నెత్తురు కారదు. ఎవరికి చూపించినా, ఇంతేనా అంటారు. అందుకే నోరు మూసుకుని మోస్తారు మా హెరేరోలు. మోసి మోసి అది బరువని కూడా మరిచిపోతారు.

కంపెనీ ఉన్న ఊరు స్వకోప్‌ముండ్‌లో సముద్రం ఉంది గానీ అందులో దిగేవాళ్ళు తక్కువ. ఆ చల్లదనం ఎముకల్ని కొరికేస్తుంది. అందుకని సెలవులకు వచ్చినవాళ్ళంతా ఊరి వెనక ఎడారి మీద పడతారు. కొందరు చెక్క పలక మీద బోర్లా పడుకుని దిబ్బ మీదనుంచి జారతారు. కొందరు ఒంటె ఎక్కుతారు. కొందరు విమానంలోంచి దూకుతారు. ఎక్కువమంది మాత్రం క్వాడ్ బైకే అంటారు. నాలుగు లావుపాటి చక్రాలు, బొటనవేలితో నొక్కితే పరిగెత్తే బండి. సైకిలు కూడా తొక్కనివాళ్ళు పావుగంటలో నేర్చుకుని, అరగంటలో తమంతవాళ్ళు లేరనుకుంటారు.

ముందు బండి ఒక గైడుది, చివరి బండి ఇంకో గైడుది, మధ్యలో బాతుపిల్లల్లా పది పన్నెండు బళ్ళు. ముందు బండి వెతరుహెది. తూర్పు గాలి వీచిన మర్నాడు దిబ్బ నెత్తి ఒక పక్కకు వంగి ఉంటుంది. నిన్న ఎక్కిన చోటే ఇవాళ గోడలా కూలుతుంది. ఇసుక రంగు చూసి, చక్రం కింద చప్పుడు విని దారి పట్టాలి. ఆగాలంటే పిడికిలి పైకెత్తి చూపించాలి. ఆగేది ఎప్పుడూ దిబ్బ నెత్తి మీదే, వెనకవాళ్ళందరికీ కనబడేటట్టు. నెత్తి దాటాక అవతలి వాలులో, చాటున, ఎన్నడూ ఆగకూడదు. వెనకనుంచి ఎగిరి వచ్చేవాడికి కింద ఏముందో తెలియదు. కొత్తగా చేరిన గైడ్లకు ఈ నియమం నేర్పేవాడు వెతరుహె. నేర్చుకున్నవాణ్ణి మర్నాడు పొద్దున మళ్ళీ అడిగేవాడు కూడా.

చివరి బండి పెందపాలది. ఉత్తరాదినుంచి వచ్చిన ఒవాంబో తెగ మనిషి, వెతరుహె కన్నా చిన్నవాడు, నోరు ఊరుకోదు. మధ్యాహ్నం వేయించిన రొట్టెలు తింటున్నప్పుడు వెతరుహె జాతి హెరేరోల మీద, వాళ్ళ ఆవుల మీద ఒక్క ముక్కయినా విసరకపోతే అతనికి అరగదు.

మూడో దిబ్బ దాటాక నేరుగా పోతే చిన్న మెట్ట, దాని వెనక విశాలమైన చదును. బళ్ళు హాయిగా పరిగెత్తగల చోటు. వెతరుహె మాత్రం మెట్ట ముందే ఎడమకు తిరిగేవాడు. ఎండిన నది అంచు పట్టుకుని, చుట్టూ తిప్పి, అవతల దారిలో కలిపేవాడు. ఆ చుట్టుకు పన్నెండు నిమిషాలు. అక్కడ ఇసుక మెత్తన, కూరుకుపోతామని కంపెనీలో అందరికీ చెప్పాడు. చదును దూరంగా కనబడే మలుపు దగ్గరకు రాగానే యాక్సిలరేటరు మీదనుంచి బొటనవేలు ఎత్తేసేవాడు. బండి నెమ్మదించేది. హెల్మెట్ లోపల పెదవులు కదిలేవి. అదీ ఒక నియమమే కాబోలనుకుని వెనకవాళ్ళు కూడా తమ వేళ్ళు ఎత్తేవాళ్ళు. జర్మనీ నుంచి, హాలండ్ నుంచి, కేప్ టౌన్ నుంచి వచ్చిన ఎన్ని వందలమంది అక్కడ తెలియకుండానే వేగం తగ్గించి వెళ్ళారో లెక్క లేదు.

పెందపాల ఒకసారి పట్టుకున్నాడు.

"అన్నా, ఆ మలుపు రాగానే నీ బొటనవేలికి నిద్రొస్తదేంటి? మీవాళ్ళ ఆవులేమన్నా కనబడ్డాయా?"

"అక్కడ ఇసుక మెత్తన."

"మెత్తనా? నిన్న ఒంటికి పోసుకుందామని అటు దిగా. చెప్పు కూడా దిగబడలా."

వెతరుహె ఇంకో రొట్టె తుంచాడు. పెందపాల అతని మొహం చూసి, ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. నోరున్నవాడే గానీ, ఎక్కడ మూయాలో తెలిసినవాడు.

అక్కడ ఉన్నవి సమాధులు.

మోకాలెత్తు ఇసుక కుప్పలు, మనిషి పొడుగు ఉన్నవి, అందులో సగం ఉన్నవి. ఒక్కదాని మీదా రాయి లేదు, పేరు లేదు. కొంచెం దూరంలో గోడ కట్టిన జర్మన్ల స్మశానం ఉంది. అక్కడ పాలరాతి మీద బంగారు అక్షరాలున్నాయి. ఈత చెట్లకు గొట్టంతో నీళ్ళు పెడతారు. నూరేళ్ళ కిందట, ఈ దేశం జర్మన్ల ఏలుబడిలో ఉన్నప్పుడు, వాళ్ళ సైన్యం మా హెరేరోలను రైలు పశువుల పెట్టెల్లో ఎక్కించి ఈ సముద్రపు ఒడ్డుకు తెచ్చింది. ముళ్ళకంచెలో పెట్టి ఓడల సరుకు మోయించింది. గోనెపట్టాలు కట్టుకుని పనిచేసినవాళ్ళు చలికి పోయారు, ఆకలికి పోయారు, కొరడా దెబ్బలకు పోయారు. తెల్లారి లేవనివాళ్ళను లేచినవాళ్ళు ఈడ్చుకెళ్ళి ఇసుకలో పెట్టారు. అలా పోయినవాళ్ళలో వెతరుహె ముత్తాత ఒకడు. ఏ కుప్ప కింద ఉన్నాడో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

వెతరుహె మేనత్త ఉవెరిచివా ఒమరూరులో ఉంటుంది. ఏటా మార్చిలో ఒక శనివారం ఆమె, ఆమెలాంటి ఆడవాళ్ళు నలభై యాభైమంది, నేల ఊడ్చే గౌన్లు తొడుక్కుని, తలకు ఆవు కొమ్ముల్లా గుడ్డ చుట్టుకుని ఈ ఊళ్ళో బస్సు దిగుతారు. గాలి చెదరగొట్టిన కుప్పల్ని, చక్రాలు తొక్కిన కుప్పల్ని చేతులతో మళ్ళీ పోగుచేస్తారు. చక్రాలు ఒక్క ష్టేగ్మాన్‌వి కావు. ఊళ్ళో బండి ఉన్న ప్రతివాడివీ. సాయంత్రానికి ఆడవాళ్ళ మోచేతులు గీరుకుపోయి ఉంటాయి. మళ్ళీ ఏడాదికి కుప్పలు ఎప్పటిలాగే చెదిరి ఉంటాయి.

ఆ సమాధుల దగ్గరకు వెళ్ళడానికి ఒక పద్ధతి ఉంది. మగవాడు తలమీద ఉన్నది తీసేయాలి. కిందికి కూర్చోవాలి. రెండు అరచేతులు ఇసుకకు ఆనించాలి. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు పైకి చెప్పాలి. ఆ తర్వాతే అడుగు వేయాలి. వెతరుహె ఉద్యోగంలో చేరిన మొదటి మార్చిలో పని బట్టలతోనే పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. మేనత్త అతని రొమ్ము మీద బిళ్ళను వేలితో తాకింది.

"ఇదెవడు?"

"కంపెనీవాళ్ళు పెట్టారత్తా."

"వాడు రాలేదు గదా ఇక్కడికి. తీసి జేబులో పెట్టుకో. కింద పడుకున్నవాళ్ళకి మొహాలు తెలియవురా, పేర్లే గుర్తు. నువ్వో పేరు చెప్పి, నీ గుండెల మీద ఇంకో పేరుంటే ఎవడొచ్చాడని వాళ్ళకేం తెలుస్తది? పేరు చెప్పకుండా పోయేవాడు దొంగ. తప్పుడు పేరుతో పోయేవాడు దొంగ కన్నా ఎక్కువ."

బిళ్ళ తీసి జేబులో పెట్టాడు. చుట్టుదారి మొదలైంది ఆ మర్నాటినుంచే. మలుపు దగ్గర హెల్మెట్ లోపల అతను చెప్పుకునేది ఆ మూడు పేర్లే.

పదకొండో ఏడు వాల్విస్ బే రేవుకు పెద్ద ఓడలు రావడం ఎక్కువైంది. ఓడలో వచ్చినవాళ్ళు మధ్యాహ్నానికల్లా మళ్ళీ ఓడ ఎక్కాలి. గంట తిప్పితే కుదరదు, ముప్పావుగంటే. ఎక్కడ కోయాలో చూద్దామని ష్టేగ్మాన్ ఒక ఆదివారం తానే బండి వేసుకుని దిబ్బల్లోకి వెళ్ళాడు. సోమవారం పొద్దున వెతరుహెను ఆఫీసులోకి పిలిచాడు.

"పదకొండేళ్ళుగా మెత్తటి ఇసుక అన్నావు. నిన్న నేనే పోయి చూశా. రోడ్డులా ఉంది. నాతో ఎందుకు అబద్ధమాడావు టోబీ?"

"అక్కడ మావాళ్ళున్నారు సార్."

"ఎవరు?"

"చచ్చిపోయినవాళ్ళు."

ష్టేగ్మాన్ దుర్మార్గుడు కాడు. వెతరుహె పెద్దకూతురికి జబ్బు చేసినప్పుడు తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళినవాడు. ఆ ఊళ్ళోనే పుట్టాడు. అతని తాతది రొట్టెల అంగడి. ఆ తాత గానీ తండ్రి గానీ అలాంటి మాట ఎప్పుడూ చెప్పలేదన్నాడు. గాలికి కుప్పలు పడతాయన్నాడు. నిజంగా సమాధులే అయితే ఒక బోర్డో, పటంలో ఒక గుర్తో, ఒక కాగితమో ఉండాలి గదా, అది తెచ్చి చూపించు, దారి నేనే తిప్పుతానన్నాడు. మర్నాటికి మెట్ట మీదనుంచి చదును మధ్యగా నారింజరంగు జెండాలు నాటి ఉన్నాయి.

పేర్లు రాయకుండా పూడ్చిపెట్టి, నూరేళ్ళయ్యాక పేర్లు రాసిన కాగితం తెమ్మంటే ఎవరు తేగలరు? ఈ ప్రశ్న వెతరుహె అడగలేదు. నేను అడుగుతున్నాను.

మేనత్తకు ఫోను చేశాడు. హెరేరో పెద్దలు సర్కారుకు ఇదివరకే రెండు అర్జీలు పెట్టారనీ, మూడోది పెడతారనీ, ఓపిక పట్టమనీ ఆమె అంది. ఓపిక పట్టడం అతనికి కొత్త కాదు. పని మానేయవచ్చు గదా అంటారు చదివేవాళ్ళు. ఊరి శివారు మొండేసాలో రెండు గదుల ఇల్లు, ముగ్గురు పిల్లలు, మూడు పరీక్షలు రాసి తెచ్చుకున్న గైడు లైసెన్సు. ఆ ఉద్యోగంలో అతని అసలు పేరు, ఫొటోతో సహా, అచ్చయి ఉన్న ఒకే ఒక్క కార్డు ఆ లైసెన్సు.

నాలుగు రోజులు జెండాల వెంట నడిపాడు. తన చక్రం కుప్పకు తగలకుండా పాములా మెలికలు తిప్పుతూ పోయేవాడు. వెనకవాళ్ళకు ఆ మెలికలెందుకో తెలియదు. తిన్నగా తొక్కుకుంటూ వచ్చేవాళ్ళు. కొందరైతే కుప్ప కనబడగానే ఎగరొచ్చని వేగం పెంచేవాళ్ళు. నాలుగో రోజు పని దిగాక, ఇంకా వెలుగుండగానే ఒక్కడే వెళ్ళి, పడిపోయిన కుప్పల్ని చేతులతో ఎత్తి పోశాడు. ఇరవై దాకా అయ్యాయి. చూస్తుండగానే పొద్దు గుంకింది.

అయిదో రోజు పొద్దున సముద్రంమీదనుంచి పొగమంచు దట్టంగా కమ్మింది. ఓడవాళ్ళు పదకొండుమంది. అతని వెనక రెండో బండి మీద ఎల్కే బ్రాండ్‌హోర్స్ట్ అనే పెద్దావిడ ఉంది. బ్రెమెన్‌లో బడిపంతులుగా చేసి రిటైరయింది, బండి భయంభయంగా నడుపుతోంది. నెమ్మదిగా నడిపేవాళ్ళను తన వెనకే పెట్టుకోవడం వెతరుహె అలవాటు. నాలుగో బండి మీద ఒక కుర్ర ఇంజనీరు. దిబ్బ ఎక్కేముందు కావాలని వెనక ఆగిపోయి, ఖాళీ చూసుకుని దూసుకొచ్చే రకం. అలా చేయొద్దని పెందపాల రెండుసార్లు చెప్పాడు.

వెతరుహె మెట్ట నెత్తి దాటి అవతలి వాలులోకి దిగాడు. నిన్న తాను ఎత్తి పోసిన కుప్పల్లో మొదటిది, చిన్నది, ఎదురుగా కనబడింది. అంతకుముందే ఇంకెవరి బండో దాన్ని చీల్చుకుంటూ పోయింది. చీలిన చోట తెల్లగా ఏదో ఉంది. దగ్గరికి వచ్చేసరికి అది దవడ అని తెలిసింది. పళ్ళు చిన్నవి. కొన్ని ఇంకా బయటికి రాకుండా ఎముకలోనే ఉన్నాయి.

బండి ఆపాడు. దిగాడు. హెల్మెట్ రెండు చేతులతో తీసి పక్కన పెట్టాడు. బిళ్ళ ఊడబీకి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులు ఇసుకకు ఆనించి, పేరు చెప్పడం మొదలుపెట్టాడు. ఆగేటప్పుడు పైకెత్తాల్సిన పిడికిలి ఇసుక మీద ఉంది. ఆగకూడని చోట, దిబ్బ చాటున, మంచులో ఆగాడు. ఆ నియమాన్ని తానే వందసార్లు నేర్పాడు. ఆ క్షణంలో అది గుర్తు రాలేదు. దవడ ముందు నిలబడి పేరు చెప్పకుండా బండి ఎక్కడం మా మనిషి వల్ల కాదు. ఆ తప్పు అలాంటిది.

ఎల్కే అతణ్ణి చూసి తానూ ఆగింది. మూడో బండి ఆగింది. తాత పేరు నోట్లో ఉండగానే పైన ఇంజను అరుపు వినబడింది. లేచి చెయ్యి ఎత్తేలోపల నాలుగో బండి నెత్తి మీదనుంచి గాల్లోకి లేచి ఎల్కే బండి మీద పడింది.

ఆ తర్వాతదంతా పెందపాల చూసుకున్నాడు. ముందు మిగతావాళ్ళను నెత్తి మీదే ఆపాడు. బెల్టు తీసి ఎల్కే తొడకు, నెత్తురు ఆగేటట్టు, బిగించాడు. ఇంజనీరు మణికట్టు విరిగి ఏడుస్తున్నాడు. అంబులెన్సు కుప్పల మధ్యనుంచే వచ్చింది. వేరే దారి లేదు. మూడు నాలుగు కుప్పలు దాని చక్రాల కింద పోయాయి. వెతరుహె తన చొక్కా విప్పి ఆ దవడ మీద కప్పి, చుట్టూ ఇసుక ఎత్తి పెడుతున్నాడు. టూరిస్టుల్లో ఒకావిడ అతణ్ణి చూసి, వీడికి మతి పోయింది, ఎవరైనా పట్టుకోండి అంది.

ఎల్కే కాలు మోకాలి పైకి తీసేశారు.

మూడో రోజు వెతరుహె ఆసుపత్రికి వెళ్ళాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె కూర్చోమంది. అక్కడ ఎందుకు ఆగారని అడిగింది. చెప్పాడు. నలభై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పాననీ, ఇది మాత్రం చెప్పలేదనీ, తనకూ ఎవరూ చెప్పలేదనీ అంది.

"నా తప్పేనమ్మా," అన్నాడు వెతరుహె.

"అవును, మీ తప్పే. కాదని నేను అనను." తర్వాత అడిగింది, "మీ పేరు టోబి కాదన్నారు. ఏమిటి మీ పేరు?"

చెప్పాడు. ఆమె పలికింది. తప్పు పోయింది. మళ్ళీ పలికింది. మూడోసారికి సరిగ్గా వచ్చింది. పదకొండేళ్ళలో ఒక టూరిస్టు నోట అతని పేరు వినబడడం అదే మొదలు. అదీ ఒక కాలు పోయాక.

ప్రమాదం మీద విచారణ అధికారికి వెతరుహె రాతపూర్వకంగా వాంగ్మూలం ఇవ్వాలి. అది ఇవ్వాల్సిన ముందురోజు ష్టేగ్మాన్ మొండేసాకు, వెతరుహె ఇంటికే వచ్చాడు. పదకొండేళ్ళలో గుమ్మం దాటి లోపలికి రావడం అదే మొదటిసారి. ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాడు, ఇచ్చిన టీ తాగాడు. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది. బండి ఇంజను హఠాత్తుగా ఆగిపోయింది, అందుకే వాలులో నిలిచిపోవాల్సి వచ్చింది అని అందులో ఉంది. సంతకం పెడితే అది యంత్రం తప్పు అవుతుంది. బీమావాళ్ళు చూసుకుంటారు. లైసెన్సు నిలుస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది.

"మరి ఆ జెండాలు?" అన్నాడు వెతరుహె.

ష్టేగ్మాన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "పీకించేస్తా. నువ్వు సంతకం పెట్టిన రోజునే. చుట్టుదారిలోనే పోదాం. నా మాట."

"దవడ సంగతి?"

"అది ఇందులో అక్కర్లేదు. ఏ కుక్కదో ఏ నక్కదో అంటారు. నీకెందుకు?"

ఆ సాయంత్రం వెతరుహె మేనత్తకు ఫోను చేశాడు. తక్కెడ రెండు పళ్ళేల్లో ఏముందో ఆమె ముందు పెట్టాడు. అబద్ధం రాస్తే సమాధుల మీద చక్రాలు ఆగుతాయి, పిల్లల అన్నం ఆగదు. నిజం రాస్తే లైసెన్సు పోతుంది, జైలు కూడా పడొచ్చు, జెండాలు ఉంటాయో పోతాయో తెలియదు. ఏం చేయమంటావని అడిగాడు.

మేనత్త ముందు తిట్టింది. "ఆగడం తప్పు కాదు. ముసలామె కాలు పోయే చోట ఆగావు చూడు, అది తప్పు. అది నువ్వు మొయ్యాల్సిందే, ఇంజను మీద పెట్టకు." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఆ దొర మాట మంచిదే కావచ్చు. కానీ అది ఆయన మాట. ఆయన పోతే పోతది, కంపెనీ అమ్మితే పోతది. కాగితం లేదనే గదా మనల్ని తొక్కుతున్నారు? నీ దగ్గరొక కాగితం ఉంది. దాని మీద ఏం రాస్తావో నీ ఇష్టం నాయనా. పిల్లలు నీ పిల్లలు."

భార్యను అడిగాడు. ఆమె చిన్నవాడి నోట్‌బుక్కులోంచి రెండు తెల్లకాగితాలు చింపి బల్లమీద పెట్టి వెళ్ళింది.

వెతరుహె తన చేత్తో రాశాడు. ఇంజను బాగానే ఉందని రాశాడు. ఆగకూడని చోట తానే ఆగాననీ, చెయ్యి ఎత్తలేదనీ, ఆ తప్పు తనదేననీ రాశాడు. ఎందుకు ఆగాడో రాశాడు. మూడో దిబ్బ అవతలి చదునులో ఉన్నవి హెరేరోల సమాధులనీ, ఆ రోజు ఒక బిడ్డ దవడ బయటపడిందనీ, దాన్ని ఎక్కడ కప్పిపెట్టాడో, మెట్టనుంచి ఎన్ని అడుగులో రాశాడు. కింద తన పూర్తి పేరు, తండ్రి పేరు, తాత పేరు రాశాడు. సమాధి ముందు సగంలో ఆగిపోయినది అలా కాగితం మీద పూర్తయింది.

లైసెన్సు రద్దు చేశారు. జైలు శిక్ష వేశారు గానీ అమలు నిలిపారు. మళ్ళీ తప్పు చేస్తే లోపలికే. ష్టేగ్మాన్ బాగా నొచ్చుకున్నాడు. ఇంటికెళ్ళి అడిగినా కాదన్నాడని అందరితో చెప్పుకున్నాడు. విచారణ సాగిన మూడు వారాలు జెండాలు లేవు. నాలుగో వారం మళ్ళీ నాటారు. విచారణ నివేదికలో సమాధుల మాట ఒక్క వాక్యంలో ఉంది, పక్కన "నిర్ధారణ కాలేదు" అని ఉంది. అంతే. ఎల్కే బ్రెమెన్ నుంచి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. ఆ దారి మూసేయమనీ, అక్కడ ఏముందో తవ్వకుండా తేల్చే మార్గాలున్నాయనీ రాసింది. ఆ ఉత్తరం వచ్చేసరికి ఫైలు మూసేశారు. ఒక్క ఉత్తరానికి మూసిన ఫైలు తెరవరట.

ఇప్పుడు ముందు బండి పెందపాల నడుపుతున్నాడు. జెండాల వెంటే నడపాలి, గత్యంతరం లేదు. మెట్ట దగ్గరకు రాగానే బొటనవేలు ఎత్తేస్తాడు. వెనకవాళ్ళూ ఎత్తుతారు. అతనికి ఇచ్చిన టోబి బిళ్ళను మొదటిరోజే ఇసుకలో పోగొట్టుకున్నానని చెప్పాడు. ఎక్కడ పోగొట్టుకున్నాడో వెతకమని ఎవరూ అనలేదు.

వెతరుహె వాల్విస్ బే చేపల ఫ్యాక్టరీలో మోకాళ్ళదాకా చల్లటి నీళ్ళలో నిలబడి చేపల పొట్టలు కోస్తున్నాడు. అక్కడ పేరు బిళ్ళలు ఉండవు, నంబర్లే. అతని పక్క వరసలో పనిచేసే ముసలాయన మొదటివారం పలకరించాడు. క్వాడ్ బైకుల కంపెనీలో చేశావటగా, అక్కడ సొరుగులో నా ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండాలి, ఏమైందో తెలుసా అన్నాడు. వెతరుహె అతణ్ణి తేరిపార చూశాడు. దాని వల్ల నాకు పెద్దకథే నడిచింది అన్నాడు. ఇద్దరూ నవ్వలేదు. టోబి జేబులోంచి సిగరెట్టు తీసి సగం విరిచి ఇచ్చాడు.

ఆదివారాలు వెతరుహె బస్సు ఎక్కి వస్తాడు. ఒక పార, ఒక సీసా నీళ్ళు. పేరు చెప్పుకుని, కుప్పలు ఎత్తి పోస్తాడు. సోమవారం జెండాల వెంట బళ్ళు వస్తాయి.

ఇది చదివినవాళ్ళను ఒకటి అడుగుతాను. మీరో, మీ బంధువులో, మీ ఆఫీసువాళ్ళో ఏదో ఒక ఏడు ఇలాంటి ఊరికి సెలవులకు వెళతారు. ఈ ఊరే కానక్కర్లేదు. ఎడారి సముద్రానికి ఆనుకున్న ప్రతిచోటా ఈ బళ్ళు ఉన్నాయి, ఆ ఇసుక కింద ఎవరో ఒకరు ఉన్నారు. డబ్బు కట్టేముందు అడగండి. మీ దారి ఎక్కడెక్కడినుంచి పోతుంది, అక్కడి మనుషులు పోవద్దన్న చోటు ఏదైనా ఉందా అని. చుట్టుదారి అయినా సరే, పన్నెండు నిమిషాలు ఎక్కువైనా సరే, అందులోనే తీసుకెళ్ళమనండి. లేదంటే బండి ఎక్కబోమని చెప్పండి. మీ గైడు చొక్కా మీద ఉన్న పేరు అతనిదేనా అని అడగండి, కాకపోతే అతనిది పలకడం నేర్చుకోండి. మూడుసార్లకు వస్తుంది. ఆ ఊరి అధికారులకు ఒక ఉత్తరం రాయండి. మీది ఒక్కటే అయితే ఫైలు తెరవరు. వంద అయితే తెరవక తప్పదు. ఎల్కే ఉత్తరం ఫైలు మూశాక వచ్చింది. మీరు వెళ్ళేముందే రాయండి.